వీరయ్య మాత్రల కంటిన్యుటీ

కాస్ట్యూమ్ వీరయ్యకు తన పెళ్ళినాడు కట్టిన ధోవతి అంచు ఏ రంగో గుర్తుండేది కాదు గానీ, ఇరవై ఏళ్ళ కిందటి సినిమాలో హీరో తండ్రి చొక్కా ఎడమ చెయ్యి ఎన్ని మడతలు పెట్టి ఉందో అడిగితే నిద్రలో కూడా చెప్పేవాడు. అతను పోయి ఏడాది కావస్తున్నా కృష్ణానగర్ గల్లీల్లో పాతవాళ్ళు కలిస్తే ఆ జ్ఞాపకశక్తి గురించే మాట్లాడుకుంటారు. అందుకే అది చెదరడం మొదలైనప్పుడు అతని భార్య శకుంతలమ్మ వయసు మీదికి తోసేసి ఊరుకోలేకపోయింది. ఏదో జరుగుతోంది అనుకుంది. ఆ ఏదో తన చేతి మీదుగానే అతని నోట్లోకి పోతోందేమోనన్న అనుమానం పుట్టిన రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

సినిమాలో ఒక సీను ఒక్కరోజులో అయిపోదు. హీరో తలుపు తోసే షాట్ ఫిలింనగర్‌లో సోమవారం తీస్తే, లోపలికి వచ్చి కూర్చునే షాట్ పది రోజుల తర్వాత జూబ్లీహిల్స్‌లో షూటింగులకు కిరాయికిచ్చే ఏ బంగళాలోనో తీస్తారు. తెర మీద చూసేవాళ్ళకు అది ఒక్క అడుగు. ఆ అడుగులో చొక్కా మడత మారకూడదు, చీర కుచ్చిళ్ళు పక్కకు జరగకూడదు. దాన్నే కంటిన్యుటీ అంటారు. ముప్పై ఎనిమిదేళ్ళు వీరయ్య చేసిన పని అదే. ఒక్కో సీనుకు ఒక్కో గుడ్డసంచి, సంచి మూతికి ఒక చీటీ, చీటీ మీద సీను నంబరు.

ఆ పనిలో అతనికొక పట్టింపు ఉండేది. ఒకసారి అసిస్టెంట్ డైరెక్టర్ ఒకాయన పరుగున వచ్చి, "నీలం చీర వద్దట, ఆకుపచ్చది కట్టించమన్నారు డైరెక్టర్ సార్" అన్నాడట. వీరయ్య ఇస్త్రీపెట్టె కింద పెట్టకుండానే, "సారును ఆయన నోటితోని చెప్పమను" అన్నాడట. సారు చెప్పనేలేదు. ఎవరో వేరే సీను గురించి అన్న మాట చేతులు మారి వచ్చింది. చీర మార్చి ఉంటే రెండు రోజుల షూటింగ్ చెత్తబుట్ట పాలయ్యేది. ఆ రోజు నుంచి మధ్యవాళ్ళ మాట వీరయ్య చెవికి ఎక్కలేదు. మార్చమని చెప్పేవాడు ఎదురుగా నిలబడి చెప్పాలి. అప్పటిదాకా నిన్న ఉన్నదే ఇవాళ ఉండాలి.

ఇదంతా మొదలయ్యేనాటికి అతనికి షుగరు వచ్చి పద్నాలుగేళ్ళు. పొద్దున రెండు మాత్రలు. ఒకటి తెల్లగా, చిన్నగా, పప్పుగింజంత. ఇంకోటి గొంతుకు అడ్డం పడేంత పెద్దది. శకుంతలమ్మ చిన్న స్టీలు ప్లేటులో రెండూ పెట్టి నీళ్ళ గ్లాసు పక్కన పెట్టేది. వీరయ్య చూసేవాడు, మింగేవాడు, బండి తీసేవాడు.

మూడేళ్ళ కిందట ఉగాది దాటిన వారంలో అది మారింది. జూబ్లీహిల్స్ బంగళాలో షూటింగ్. హీరోయిన్ రావడం ఆలస్యమై భోజనాల బ్రేక్ సాయంత్రం నాలుగు దాకా జరిగింది. వీరయ్య పొద్దున మాత్రలు మింగి వెళ్ళిన మనిషి, చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు. బట్టల ట్రంకు మీద కూలబడి, ఒళ్ళంతా చెమటతో, ఎదుటివాళ్ళను గుర్తుపట్టకుండా ఏదేదో అంటుంటే యూనిట్ వాళ్ళు కారులో వేసుకుని వెంగళరావు నగర్‌లోని క్లినిక్‌కు తీసుకుపోయారు. శకుంతలమ్మ ఆటోలో చేరేసరికి అతను లోపల గదిలో సెలైన్ పెట్టించుకుని పడుకుని ఉన్నాడు.

డాక్టర్ మైత్రేయి ముప్పై ఐదేళ్ళ మనిషి, తొందరగా మాట్లాడుతుంది. శకుంతలమ్మను బయటి గదిలోనే కూర్చోబెట్టి చెప్పింది. "చూడండమ్మా, ఈ తెల్ల మాత్ర మనిషి తిన్నాడా లేదా అని చూడదు. షుగర్‌ని కిందికి లాగేస్తుంది, అంతే. ఈ వయసులో అలా పడిపోవడం మంచిది కాదు. మెదడుకి దెబ్బ. దీన్ని తీసేస్తున్నాను. దాని బదులు ఈ పసుపు రంగుది. పెద్ద మాత్ర అలాగే ఉంచండి."

మర్నాడు ప్లేటులో తెల్లది లేదు. దాని చోట పసుపుది ఉంది.

"డాక్టరమ్మ మార్చింది" అంది శకుంతలమ్మ.

వీరయ్య ప్లేటు వైపు చూశాడు. భార్య ముఖంలోకి చూశాడు. "ఎప్పుడు చెప్పింది?"

"నువ్వు లోపట పండుకున్నప్పుడు."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే ఇనే సోయిలున్నవా అప్పుడు?"

"సరే" అన్నాడు వీరయ్య. పసుపుదీ పెద్దదీ మింగి చొక్కా తొడుక్కున్నాడు. గొడవ చెయ్యలేదు కదా అని శకుంతలమ్మ సంబరపడింది.

ఎండలు ముదిరేసరికి మతిమరుపు మొదలైంది. ముందు చిన్నచిన్నవి. ఫోను బియ్యం డబ్బాలో దొరికింది. బండి తాళంచెవి బండికే ఉండగా ఇల్లంతా వెతికాడు. తర్వాత పెద్దవి. ఆరేళ్ళ కిందట పోయిన తమ్ముడి గురించి "వాడు ఇంకా రాలేదేందే?" అని అడిగాడు. ఇవన్నీ రోజంతా ఉండేవి కావు. పదకొండు పన్నెండు గంటలప్పుడు మబ్బు కమ్మినట్టు కమ్మేది, అన్నం తిన్నాక విడిపోయేది. ఆ సంగతి శకుంతలమ్మ చూసింది గానీ దానికి అర్థం ఉందని ఆమెకు తట్టలేదు.

అన్నిటికన్నా పెద్దది ఫిలింనగర్‌లో జరిగింది. తల్లి వేషం వేసే ఆర్టిస్టుకు వీరయ్య వేరే సీను జాకెట్టు ఇచ్చాడు. ఆమే గుర్తుపట్టి, "వీరయ్యగారూ, ఇది కాదేమోనండీ" అంది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. మేనేజర్ పైకి ఏమీ అనలేదు. తర్వాత ఫోన్లు తగ్గాయి.

మంజులత రంగంలోకి దిగింది అప్పుడే. ఆమెది పక్క పోర్షను. రాజమండ్రి నుంచి హీరోయిన్ అవుదామని వచ్చి, ఇరవై ఐదేళ్ళుగా సినిమాల్లో నర్సుగా స్థిరపడిపోయింది. ఆపరేషన్ థియేటర్ తలుపు తీసుకుని వచ్చి, డాక్టర్ చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయే నర్సు ఏ సినిమాలో కనబడినా అది మంజులతే కావచ్చు. అన్నిసార్లు తెల్లకోటు తొడుక్కున్న మనిషి మందుల గురించి మాట్లాడకుండా ఎలా ఉంటుంది?

"అక్కా, ఇది చూడు" అని ఫోను ముందుకు పెట్టింది. అందులో గడ్డం ఒకాయన షుగర్ మాత్రలు మెదడును చెదపురుగుల్లా తొలిచేస్తాయని చేతులు ఊపుతూ చెబుతున్నాడు. "మా అన్నయ్యగారికి ఎప్పటి నుంచి మరుపు?"

"ఉగాది అయినంక."

"కొత్త మాత్ర ఎప్పటి నుంచి?"

శకుంతలమ్మ మందుల స్ట్రిప్పుల వైపు చూసింది.

"చూశావా మరి! నేను ఎన్ని ఆపరేషన్లలో ఉన్నానక్కా, నాకు తెలీదా?"

మంచం మీద అటు తిరిగి పడుకున్న వీరయ్య తల తిప్పకుండానే అన్నాడు. "ఆ ఆపరేషన్లల్ల ఒక్కడన్న బతికిండా మంజులా?"

"హీరో ఫ్రెండయితే పోతాడు అన్నయ్యగారూ, అది కథ. నా తప్పు కాదు."

అతను నవ్వాడు, ఆమె నవ్వింది. శకుంతలమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రం నుంచి పసుపు మాత్ర ప్లేటులో పెట్టేటప్పుడు ఆమె వేళ్ళు ఆగేవి. దాని రంగే నచ్చలేదు. అది మొదలైనప్పటి నుంచి అతను ఒంటేలుకు పదిసార్లు లేస్తున్నాడు. మంచి మందయితే మనిషిని అట్లా లేపుతుందా? తొందర తొందరగా మాట్లాడే ఆ డాక్టరమ్మకు ఆ కంపెనీ వాళ్ళు ఏమైనా ఇస్తున్నారా?

బోరబండ నుంచి ఆదివారం వచ్చే కూతురు అరుణజ్యోతిని అడిగింది. అరుణ ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో రిసెప్షన్‌లో పని చేస్తుంది.

"అమ్మా, మా ల్యాబుకు వచ్చే డాక్టర్లు ఉల్టా చెప్తున్నరు. గిసొంటి కొత్త మాత్రలు వాడేటోళ్ళల్ల మతిమరుపు తక్కువ కనవడుతున్నదట."

"కనవడుతున్నదటనా, ఉన్నదా?"

"గంత గట్టిగ ఎవరు చెప్తరే?"

"నీ డాక్టర్లు అట అంటరు, ఆ ఫోన్ల గడ్డపాయన అట అంటడు. నా మొగడు మాత్రం ఉన్నడు ఈడ, తమ్ముని పేరు పిలుచుకుంట."

ఆమెను మరింత కలవరపెట్టింది వీరయ్య చూపు. పొద్దున మాత్రలు పెడుతుంటే ఆమె చేతినే కనిపెట్టి చూసేవాడు. మాత్రలను వేలితో ఇటూ అటూ పొర్లించేవాడు. ఒకనాడు ఆమెకు ఒళ్ళు మండింది.

"ఏందయ్యా, ఇసం పెడుతున్ననా?"

"నేనట్ల అన్ననా?"

"కండ్లతోని అంటున్నవు గదా."

"నువ్వు పెట్టేది నువ్వు పెట్టు" అన్నాడు వీరయ్య. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. రెండేళ్ళుగా షూటింగులు మానెయ్యమని తాను పోరుపెడుతున్న మాట నిజమే. అందుకని తాను ఏదో చేస్తోందని అనుకుంటున్నాడా? మతి తప్పేవాళ్ళు మొదట ఇంట్లో ఆడవాళ్ళనే అనుమానిస్తారని మంజులత చెప్పింది కూడా.

శ్రావణం మొదటి సోమవారం ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. పసుపు మాత్ర ప్లేటులో పెట్టలేదు. స్ట్రిప్పులోంచి తీసి నూనె డబ్బా వెనక దాచింది. పెద్దది ఒక్కటే పెట్టింది. వీరయ్య చూసి ఏమీ అనలేదు. అదీ ఆమెకు వింతగానే తోచింది.

వారం తిరిగేసరికి అతను తేటపడ్డాడు. పూర్తిగా కాదు గానీ తేడా తెలిసింది. మబ్బులు రోజూ కమ్మడం పోయి, మూడు రోజులకోసారి అయ్యాయి. ఒక సాయంత్రం పాత సినిమాలోని పెళ్ళి సీనులో ఎవరెవరు ఏ రంగు కట్టారో మంజులతకు వరసగా చెప్పుకొచ్చాడు.

"నేను చెప్పలేదూ!" అంది మంజులత.

శకుంతలమ్మకు సంతోషం, భయం రెండూ కలిగాయి. అంటే ఇన్ని నెలలూ నా చేత్తోనే కదా పెట్టాను అనుకుంది. డాక్టరమ్మ మొహం మీద ఆ మాత్రలు విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది.

ఆ కోపం పది రోజులు కూడా నిలవలేదు. బుధవారం మధ్యాహ్నం అరుణ డ్యూటీ మధ్యలో వచ్చింది. వచ్చేసరికి వీరయ్య గోడకు చేరగిలి కూర్చుని, ఒళ్ళో ఎవరిదో చొక్కా పెట్టుకుని, గుండీలు పెడుతున్నాడు, విప్పుతున్నాడు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి.

"నాయినా!"

వీరయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "మేడమ్, ఇంకో అయిదు నిమిషాలు. గుండీ దొరుకతలేదు" అన్నాడు.

అరుణ ఇంట్లో ఉంచుదామని ల్యాబ్ నుంచి తెచ్చిన షుగర్ చూసే మిషను బ్యాగులోంచి తీసింది. తండ్రి వేలు గుచ్చింది. డెబ్భైకి తగ్గకూడనిది నలభై ఆరు.

"అమ్మా, చక్కెర! నీళ్ళల్ల కలుపు, జల్ది!"

శకుంతలమ్మ పరుగున కలిపి తెచ్చింది. గ్లాసు సగం ఒలికిపోయింది. అరుణే తండ్రి నోటికి కొంచెం కొంచెంగా అందించింది. పావుగంట గడిచింది. వీరయ్య చొక్కా పక్కన పెట్టాడు, మొహం తుడుచుకున్నాడు.

"అరుణా, నువ్వెప్పుడొచ్చినవ్ బిడ్డా? డ్యూటీ లేదా?"

తెర తీసినట్టు మనిషి మళ్ళీ వచ్చాడు. నాలుగు నెలలుగా తాను మతిమరుపు అనుకున్నది పావుగంట చక్కెర నీళ్ళకు కళ్ళముందే విడిపోయింది.

అరుణ డాక్టర్‌కు ఫోను చేసి స్పీకర్ పెట్టింది.

"ఇప్పుడు ఏమేం వాడుతున్నారో చెప్పండి" అంది మైత్రేయి.

"పెద్దదీ, పసుపుదీ మేడమ్."

"పసుపుది లేదు" అంది శకుంతలమ్మ గోడ వైపు చూస్తూ. "నేను ఆపిన."

అరుణ తల్లి వైపు తిరిగింది. ఫోనులో మైత్రేయి అందుకుంది.

"దాని సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఇది వినండి. పెద్ద మాత్ర ఒక్కటే వేస్తే షుగర్ ఇంతలా పడిపోవడం చాలా అరుదు. ఇంకేదో లోపలికి పోతోంది. ఆ పాత తెల్ల మాత్ర ఇంట్లో ఎక్కడైనా ఉందేమో చూడండి. ఆయనకి అన్నం పెట్టి వెంటనే తీసుకొచ్చేయండి. దాని పని సాయంత్రం దాకా ఉంటుంది, మళ్ళీ పడిపోవచ్చు."

ఫోను పెట్టేసి అరుణ గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, నిజం చెప్పు. పసుపుది ఆపి పాతది ఇస్తున్నవా?"

"నా కడుపున పుట్టి నన్ను గిట్ల అడుగుతవానే?"

"మరి ఎవరిస్తున్నరు? ఆ మంజులత్త ఏమన్న కషాయం గిట్ల పోస్తున్నదా?"

కిటికీ అవతలి నుంచి మంజులత గొంతు వినబడింది. "నేను మాటలే పోశానమ్మా, కషాయాలు పోయలేదు!"

వీరయ్య కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతున్నాడు. ముగ్గురినీ విన్నాడు. కళ్ళు ఒక్కసారి మంచం కిందికి పోయి వచ్చాయి. భర్త కళ్ళు ఎటు పోతాయో నలభై ఏళ్ళుగా ఎరిగిన శకుంతలమ్మ అది పట్టుకుంది. వంగి, అతను పాత గుడ్డసంచులు దాచుకునే ట్రంకు లాగింది.

పాత సంచుల మధ్య ఒక కొత్త సంచి ఉంది. మూతికి చీటీ. చీటీ మీద సీను నంబరుకు బదులు "పొద్దటి మాత్ర" అని రాసి ఉంది. లోపల తెల్ల మాత్రల స్ట్రిప్పులు, పద్నాలుగేళ్ళ కిందటి మందుల చీటీ, జేబులో పట్టే చిన్న పుస్తకం. అరుణ పుస్తకం తెరిచింది. ఉగాది తర్వాతి వారం నుంచి రోజుకొక వరస. "తెల్లది తీసిండ్రు. నేనేసుకున్న." అదే వరస, రోజూ. పోనుపోను కొన్ని తేదీలు రెండేసిసార్లు ఉన్నాయి. అంటే ఒకసారి వేసుకున్నది మరిచిపోయి మళ్ళీ వేసుకున్నాడు. శ్రావణంలో ఇంకో వరస కలిసింది. "పసుపుది కూడ తీసింది. ఎందుకో తెల్వది. అడగొద్దు."

శకుంతలమ్మ ఆ వరస దగ్గర ఆగిపోయింది.

"నన్ను అడగొచ్చు గదయ్యా."

"నువ్వు చెప్పొచ్చు గదనే."

"చెప్పిన! డాక్టరమ్మ మార్చిందని చెప్పిన!"

"నువ్వు చెప్పినవ్. ఆమె చెప్పలే" అన్నాడు వీరయ్య. అతని గొంతులో కోపం లేదు, పనివాడి మొండితనం ఉంది. "పద్నాలుగేండ్లు నడిచిన మాత్ర. నేను పండుకున్నప్పుడు ఎవలో ఎవలకో చెప్తే తీసేస్తరా? నన్ను ఇంట్ల కూసోబెట్టాలెనని నువ్వు ఎన్నిసార్లు అనలే? తెల్లది లేకుంటే నీరసమొస్తది, నీరసమొస్తే షూటింగ్ బందయితదని చేస్తున్నవనుకున్న."

"అనుకున్నవా, ఇంకా అనుకుంటున్నవా?"

వీరయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. "నువ్వు పసుపుది ఎందుకు తీసినవో చెప్పు ముందుగాల."

"అది నీ మతిని తింటున్నదనుకున్న."

"ఇద్దరం ఇద్దరమే" అన్నాడు వీరయ్య.

అప్పటికి లెక్క తేలింది. తెల్లదీ పసుపుదీ రెండూ ఒంట్లో పడినన్నాళ్ళు షుగరు ఎక్కువగా పడిపోయేది. ఆమె పసుపుది ఆపాక కొంత తగ్గింది. ఆ తేటదనాన్ని చూసి ఆమె తన అనుమానమే నిజమనుకుంది. నిజానికి దొంగ ట్రంకులో ఉన్నాడు.

ఆ సాయంత్రం క్లినిక్‌లో మైత్రేయి వీరయ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే.

"తెల్లది మీరే తీసిండ్రా మేడమ్?"

"నేనే తీశానండీ. మీకు చెప్పకుండా ఆవిడకి చెప్పి పంపించడం నా పొరపాటు. ఇప్పుడు మీకే చెబుతున్నాను. అది వద్దు. పసుపుది, పెద్దది. అంతే."

"మీరు చెప్పిండ్రు గదా, అయిపాయె" అన్నాడు వీరయ్య. సంచి విప్పి స్ట్రిప్పులన్నీ బల్ల మీద పోశాడు.

రెండు వారాలు షుగరు నిలకడగా ఉన్నాక మైత్రేయి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టింది. గొడుగు, రైలు, నిమ్మకాయ అని మూడు మాటలు చెప్పి, కాసేపు వేరే సంగతులు మాట్లాడి, ఆ మూడూ చెప్పమంది. వీరయ్య గొడుగు అన్నాడు, రైలు అన్నాడు. ఆగాడు.

"మూడోది మీరు చెప్పలే."

"చెప్పానండీ."

"లేదు మేడమ్. మీరు మర్చిపోయి ఉంటరు."

గడియారం బొమ్మ గీయమంటే గుండ్రంగా, అందంగా గీశాడు. పదీ పది చూపించమంటే రెండు ముళ్ళూ పది మీదే పెట్టాడు. శకుంతలమ్మ ఆ కాగితం వైపు చూసి కళ్ళు తిప్పుకుంది. మబ్బులు పోయాయి. అది నిజం. మధ్యాహ్నం చెమటలు లేవు, పోయిన తమ్ముణ్ణి పిలవడం లేదు. కానీ మబ్బు వెనక ఇంకోటి ఉంది.

అతన్ని రక్తపరీక్షకు పక్కగదికి పంపి, ఆమె డాక్టర్‌ను సూటిగా అడిగింది.

"నిజం చెప్పుండ్రి మేడమ్. ఇది మాత్రల వల్లనేనా? నా చేతితోని అయిందా?"

మైత్రేయి ఈసారి తొందరపడలేదు. "నాకు తెలీదమ్మా. తెలుసని చెబితే అబద్ధం. షుగర్ జబ్బు ఎన్నో ఏళ్ళుంటే దానంతట అదే జ్ఞాపకాన్ని దెబ్బ తీయొచ్చు. మళ్ళీ మళ్ళీ ఇలా పడిపోయిన పెద్దవాళ్ళలో మతిమరుపు ఎక్కువ కనిపించిందని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే పడిపోవడం వల్ల మరుపొచ్చిందా, మరుపు వల్ల మాత్రలు తారుమారై పడిపోయారా, అది విడదీయడం కష్టం. మీ ఇంట్లో రెండూ జరిగాయి కదా. పెద్ద మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బీ ట్వెల్వ్ అనే విటమిన్ తగ్గొచ్చు, దానివల్లా మరుపు రావొచ్చు. ఆయనకి ఆ పరీక్ష రాస్తున్నాను. తక్కువుంటే ఇంజెక్షన్లిద్దాం."

"మరి పసుపుది?"

"అలాంటివి వాడేవాళ్ళలో మతిమరుపు తక్కువని కొన్ని పరిశోధనలున్నాయి. ఒట్టు వేసి చెప్పేంత గట్టివి కావు. మెదడుని తింటుందనడానికి మాత్రం నేనెక్కడా ఆధారం చూడలేదు. మీకు అనుమానమొస్తే రండి, నన్ను తిట్టండి, పర్లేదు. నాకు చెప్పకుండా ఆపకండి."

బీ ట్వెల్వ్ తక్కువే ఉందని తేలింది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అయినా శకుంతలమ్మ మనసు కుదుటపడలేదు. డాక్టరమ్మ ఏదీ తేల్చలేదు. ఆ మనిషిలో ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. తాను వంటింట్లో ఉన్నప్పుడు అతను ఇన్నాళ్ళూ పాత చీటీ చూపించి కొన్న గల్లీ చివరి మెడికల్ షాపుకు నడిచిపోయి మళ్ళీ ఆ తెల్ల మాత్ర తెచ్చుకోడని ఏమిటి నమ్మకం? మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట గుర్తుండాలి కదా.

ఇంజెక్షన్లు మొదలైన నాలుగో రోజు ఆమె కొంగు బిగించి ఆ షాపుకే పోయింది. షాపు నడిపే తిరుమలేశ్ ఆమెను చూస్తూనే లేచి నిలబడ్డాడు.

"తిరుమలేశూ, బుద్ధున్నదా నీకు? పద్నాలుగేండ్ల కిందటి చీటీ చూపిస్తే మాత్రలిస్తవా?"

"తప్పే పెద్దమ్మా. కాక రోజూ వచ్చేటోడే గదా అని ఇచ్చిన. జర మాఫ్ చెయ్యి."

"ఇగ ఆయన వచ్చి అడిగితే..."

"ఇయ్య. కాక నిన్ననే వచ్చి చెప్పిపోయిండు గద."

"ఎవరు? ఏం చెప్పిండు?"

తిరుమలేశ్ అద్దాల బీరువా లోపలి వైపు చూపించాడు. మందుల పెట్టెల పక్కన ఒక కాగితం అంటించి ఉంది. బట్టల సంచుల చీటీల మీద ముప్పై ఎనిమిదేళ్ళు చూసిన అక్షరాలే, కొంచెం వంకర పోయాయి.

"వీరయ్య అనే ముసలాయన వస్తడు. తెల్ల మాత్ర ఇయ్యమంటడు. డాక్టరమ్మ చెప్పలేదంటడు. చెప్పింది. కోపం చేస్తడు. ఇయ్యొద్దు. ఆయన భార్యకు ఫోన్ చెయ్యుండ్రి. ఆమె చెప్పినట్టు చెయ్యుండ్రి."

కింద ఆమె ఫోను నంబరు.

"నేను నవ్విన పెద్దమ్మా" అన్నాడు తిరుమలేశ్. "ఏంది కాకా, నీ మీద నువ్వే కంప్లైంట్ ఇస్తున్నవా అన్న. రేపు వచ్చేటోడు నేను కాదు, వాని మాట ఇనకు అని గట్టిగ చెప్పిండు. అంటించేదాంక కదల్లే."

శకుంతలమ్మ కాగితం రెండుసార్లు చదివింది. నంబరు దగ్గరికి వచ్చి వేలు పెట్టి ఒక్కో అంకే చూసింది. చివరి నుంచి రెండోది తప్పు. ఏడు ఉండాల్సిన చోట నాలుగు రాశాడు.

"పెన్ను ఇయ్యి" అంది.

తిరుమలేశ్ అద్దం పక్కకు జరిపాడు. ఆమె లోపలికి వంగి, నాలుగును కొట్టేసి, దాని మీద ఏడు వేసింది.